చివరి సంతకానికి ముందు అడగవలసిన మాట

ఒక పసిబిడ్డ పరాయి దేశానికి దత్తత వెళ్ళే ముందటి చివరి రోజులు పైకి చాలా ముచ్చటగా కనిపిస్తాయి. వేల మైళ్ళ దూరం నుంచి వచ్చిన భార్యాభర్తలు హోటల్ గదిలో బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. నెలల తరబడి ఫొటోలో మాత్రమే చూసుకున్న ముఖం ఇప్పుడు ఎదుట ఉంది. కోర్టు ఉత్తర్వు వచ్చింది, పాస్‌పోర్టు చేతికందింది, వీసా ఒక్కటే మిగిలింది. హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేటు 2008లో గానీ తెరుచుకోలేదు కనుక, అంతకు ముందు వచ్చిన అమెరికన్ దంపతులు బిడ్డను ఎత్తుకుని వీసా కోసం మరో నగరానికి పోవలసి వచ్చేది. ఆ తరువాత విమానం. ఇక ఆ బిడ్డకు కొత్త ఇల్లు, కొత్త భాష, కొత్త పేరు.

ఈ సంతోషాన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. దిక్కులేని బిడ్డకు ఇల్లు దొరకడం కన్నా మంచి మాట ఏముంటుంది? కాని అంత మందపాటి ఫైలులో అడుగున ఒక పల్చని కాగితం ఉంటుంది. 'ఈ బిడ్డను నేను ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను' అనే అర్థంతో రాసిన పత్రం అది. దాని కింద ఒక వేలిముద్ర. ఆ వేలు ఎవరిది? ఆ పత్రంలో ఏముందో ఆమెకు ఎవరైనా చదివి వినిపించారా? ఆమె నిజంగా ఆ బిడ్డ తల్లేనా? చివరి సంతకానికి ముందు అడగవలసిన మాట ఇదే. దీన్ని అడగనందువల్ల ఏం జరిగిందో నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మనకంటే బాగా తెలిసినవారు ఎవరూ ఉండరు.

1999లో ఒకసారి, 2001లో మళ్ళీ ఒకసారి, హైదరాబాద్ కేంద్రంగా పిల్లలను విదేశాలకు దత్తత ఇస్తున్న కొన్ని సంస్థల మీద పోలీసు కేసులు నమోదయ్యాయి. దేవరకొండ ప్రాంతపు తండాల నుంచి, మహబూబ్‌నగర్ జిల్లా తండాల నుంచి, అప్పటి రంగారెడ్డి జిల్లాలోని తాండూరు వైపు నుంచి లంబాడీ ఆడశిశువులను దళారులు కొని తెచ్చి అప్పగిస్తున్నారన్నది ఆ కేసుల సారాంశం. తల్లికి దక్కినవి కొన్ని వందల రూపాయలు, మహా అయితే కొద్ది వేలు. అదే బిడ్డ విదేశం చేరేసరికి ఖర్చులు, విరాళాలు అనే పేర్లతో చేతులు మారినవి వేల డాలర్లు. ఈ రెండింటి నడుమ ఉన్న తేడాయే ఆ వ్యాపారానికి ప్రాణం పోసింది.

ఆ రోజుల్లో చాలామంది పెద్దమనుషులు 'తండా వాళ్ళకు ఆడపిల్లంటే ప్రేమ లేదు, అందుకే అమ్ముకున్నారు' అని తేల్చేశారు. ఆ మాట అనడం తేలిక. కాని మన మెట్ట భూముల సంగతి తెలిసినవాడెవడూ అంత తేలికగా ఆ మాట అనడు. వానపడితేనే పంట, పడకపోతే వలస. పాలమూరు కూలీ అనే మాట దేశమంతటా వాడుకలోకి ఎందుకు వచ్చింది? ఆనకట్టలకూ, రోడ్లకూ మట్టి మోసిన చేతులు వాళ్ళవి. ఏడాదిలో సగం రోజులు ఊరు విడిచి గుడిసెల్లో గడిపే తల్లి, చంకలో ఒకరు, కొంగు పట్టుకుని ఇద్దరు ఉండగా మళ్ళీ ఆడపిల్లను కంటే, ఆమె మనసులో ఏముంటుందో తీర్పు చెప్పడానికి మనమెవరం?

ఇంకొక సంగతి కూడా ఉంది. లంబాడీల్లో ఒకప్పుడు కట్నం లేదు. పెళ్ళికొడుకు వైపువారే ఓలి ఇచ్చి పిల్లను చేసుకునేవారు. ఆడపిల్ల పుట్టడం ఆ ఇంటికి నష్టమేమీ కాదు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కట్నం తండాల్లోకి పాకాకనే ఆడపిల్ల బరువైంది. ఈ మాట చెబుతూ మనం వాళ్ళవైపు వేలెత్తి చూపలేము. మెహర్ ఇచ్చి పెళ్ళాడమని ధర్మం ఆదేశిస్తే, 'జోడే కీ రకం' అని పేరు పెట్టి పిల్ల తండ్రి దగ్గరే వసూలు చేస్తున్న సమాజం మనది. ఆ జబ్బు మన ఇళ్ళలోనూ ఉంది.

చట్టం అప్పుడు లేదా అంటే, ఉంది. లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది 1982లో రాసిన లేఖను పిటిషన్‌గా స్వీకరించి, 1984లో సుప్రీంకోర్టు విదేశీ దత్తతకు వివరమైన నిబంధనలు విధించింది. బిడ్డకు ముందుగా స్వదేశంలోనే ఇల్లు వెతకాలి, కన్నవారికి మనసు మార్చుకునే గడువు ఇవ్వాలి, బిడ్డను సరుకు చేయకూడదు అని ఆ తీర్పు చెప్పింది. 1990లో కేంద్ర దత్తత సంస్థ 'కారా' ఏర్పడింది. ఆ తరువాత ఏ బిడ్డా 'కారా' అనుమతి లేకుండా, కోర్టు ఉత్తర్వు లేకుండా విమానమెక్కడానికి వీల్లేదు.

మరి ఎక్కడ తప్పింది? ప్రతి కార్యాలయమూ తన ముందున్న కాగితాన్ని చూసిందే కాని దాని వెనుకనున్న మనిషిని చూడలేదు. సంస్థ ఇచ్చిన పత్రాన్ని చూసి ఒకరు అనుమతి రాశారు. ఆ అనుమతిని చూసి మరొకరు ముద్ర వేశారు. ఆ ముద్రను చూసి కోర్టు ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వును చూసి పాస్‌పోర్టు వచ్చింది. కాగితం పైకి వెళ్ళిన కొద్దీ దానికి బలం పెరిగింది. అడుగున ఉన్న వేలిముద్ర దగ్గరికి, ఆ తండా దాకా, దిగి వచ్చినవారు లేరు. బంజారా భాషలో తల్లిని 'యాడి' అంటారు. అన్ని కార్యాలయాలు తిరిగిన ఆ ఫైలును ఏ ఒక్కరూ ఆ యాడి ముందు పెట్టి 'ఇది నీకు తెలుసా అమ్మా' అని అడగలేదు.

దీనివల్ల మోసపోయింది కన్నతల్లి ఒక్కతే కాదు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో న్యాయశాస్త్రం బోధించే డేవిడ్ స్మోలిన్ దంపతులు 1998లో అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్ళను దత్తత తీసుకున్నారు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. ఇంటికి చేరాక ఆ పిల్లలు నోరు విప్పి చెప్పిన సంగతి వేరు. వాళ్ళకు తల్లి ఉంది. ఆమె పిల్లల్ని సంస్థలో ఉంచిందే కాని ఎవరికీ ఇచ్చేయలేదు. తల్లి ఆచూకీ దొరికి, పిల్లలు ఆమెను మళ్ళీ చూసేసరికి ఏళ్ళు గడిచిపోయాయి. పోయిన బాల్యం తిరిగి రాలేదు. ఆ పెద్దమనిషి తన కుటుంబానికి జరిగిన దాన్ని దాచిపెట్టకుండా బహిరంగంగా రాశాడు. దొంగ డబ్బును లెక్కల్లో తిప్పి తెల్లడబ్బు చేసినట్టే, తల్లి ఉన్న బిడ్డను కాగితాల్లో తిప్పి అనాథగా మారుస్తున్నారన్నది ఆయన రచనల సారం.

ఈ ఉదంతంలో మన యతీంఖానాలకు కూడా ఒక పాఠం ఉంది. మన పేద కుటుంబాలు ఎన్నో, తల్లి బతికి ఉండగానే, కొన్నిసార్లు తల్లిదండ్రులిద్దరూ ఉండగానే, రెండు పూటలా తిండికీ, నాలుగక్షరాల చదువుకూ పిల్లల్ని వసతి గృహాల్లోనూ, అనాథ శరణాలయాల్లోనూ చేర్పిస్తాయి. ఆ తల్లి బిడ్డను అప్పగించింది చదువు కోసం, వదులుకోవడానికి కాదు. రిజిస్టరులో తల్లి పేరు, ఊరు, చిరునామా స్పష్టంగా రాయడం గుమాస్తా పని అని తేలిగ్గా తీసుకోరాదు. అది ఒక అమానతు. అమానతులో ద్రోహం చేసినవాడి నమాజు, రోజా చూసి మోసపోవద్దని పెద్దలు చెప్పింది ఇందుకే.

2001 ఏప్రిల్‌లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెచ్చింది. పేదరికం, పిల్లలు ఎక్కువ కావడం, ఆడపిల్ల వద్దనుకోవడం వంటి కారణాలతో కన్నవారు బిడ్డను వదులుకునే పద్ధతిని అందులో నిషేధించింది. ఉద్దేశం మంచిదే. కాని మరో వైపు సంస్థల నుంచి తీసుకున్న శిశువులు సర్కారు శిశు విహార్‌కు చేరారు. అప్పటికే ఫొటోలు చూసుకుని, గది సర్దుకుని ఎదురుచూస్తున్న విదేశీ దంపతుల కేసులు కొన్ని ఏళ్ళ తరబడి కోర్టుల్లో నడిచాయి. ఉయ్యాలలో ఉన్న బిడ్డ సంస్థ గోడల మధ్యే నడక నేర్చింది. మొదటి రోజున అడగవలసిన ప్రశ్నను చివరి రోజున అడిగితే శిక్ష పడేది బిడ్డకే.

ఇది మన ఒక్క రాష్ట్రపు కథ కాదు. కొరియా యుద్ధం తరువాతి దశాబ్దాలలో దక్షిణ కొరియా నుంచి దాదాపు 2 లక్షల మంది పిల్లలు విదేశాలకు దత్తత వెళ్ళారు. వారిలో కొందరి రికార్డులను తారుమారు చేశారనీ, తల్లిదండ్రులున్నవారిని అనాథలుగా చూపారనీ, అందులో ప్రభుత్వ బాధ్యత ఉందనీ ఆ దేశపు సత్యశోధక సంఘమే 2025లో తేల్చింది. 1992 నుంచి 1,60,000 మందికి పైగా పిల్లలను పంపిన చైనా, దగ్గరి బంధువుల విషయంలో తప్ప విదేశీ దత్తతను ఆపేస్తున్నట్టు 2024 సెప్టెంబరులో ప్రకటించింది. నెదర్లాండ్స్ అదే ఏడాది విదేశీ దత్తతను క్రమంగా ముగించాలని నిర్ణయించింది. పెద్దవారైన ఆనాటి పిల్లలు తిరిగి వచ్చి 'నేను ఎవరి బిడ్డను?' అని అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకనే దేశాలు తలుపులు మూస్తున్నాయి.

ఇక్కడ దివ్య ఖుర్ఆన్ బోధనను గుర్తు చేసుకోవడం అవసరం. దత్తత అనగానే మనవాళ్ళలో కొందరు 'అది మనకు చెల్లదు' అని లేచిపోతారు. బయటివారు కొందరు 'ముస్లింలు అనాథను ఇంట్లోకి రానివ్వరట' అంటారు. రెండూ సగం తెలిసిన మాటలే. హజ్రత్ జైద్ (రజి) గాథను ఒక్కసారి తలచుకుందాం. కల్బ్ తెగకు చెందిన ఆ బాలుడు తల్లితో కలిసి ప్రయాణిస్తుండగా దోపిడీమూక ఎత్తుకుపోయింది. ఉకాజ్ సంతలో అమ్మేసింది. చేతులు మారి హజ్రత్ ఖదీజా (రజి) ఇంటికి, ఆ పైన దైవప్రవక్త (స) సంరక్షణలోకి చేరాడు. నేటి మాటల్లో చెప్పాలంటే, అపహరణకు గురై అమ్ముడుపోయిన బిడ్డ.

తండ్రి హారిసా కొడుకును వెతుక్కుంటూ మక్కా దాకా వచ్చాడు. దైవప్రవక్త (స) ఏం చేశారు? కాగితం చూపలేదు, వెల అడగలేదు. బిడ్డను తండ్రి ఎదుటికి పిలిపించి, ఎవరితో ఉండాలన్నది అతనికే వదిలేశారు. జైద్ ఉండిపోతానన్నాడు. తండ్రి కొడుకును కళ్ళారా చూసుకుని, నిబ్బరపడి వెళ్ళాడు. తరువాత కొంతకాలం ప్రజలు అతన్ని ముహమ్మద్ (స) కుమారుడిగా పిలిచారు. అప్పుడు అహ్‌జాబ్ సూరాలో ఆజ్ఞ దిగింది: పెంపుడు బిడ్డలను వారి కన్నతండ్రుల పేరుతోనే పిలవాలి, తండ్రి ఎవరో తెలియకపోతే వారు మీ ధార్మిక సోదరులు. ఆ రోజు నుంచి ఆయన మళ్ళీ జైద్ బిన్ హారిసా అయ్యారు. ప్రేమ తగ్గలేదు, గౌరవం తగ్గలేదు. దివ్య ఖుర్ఆన్‌లో పేరుతో ప్రస్తావన పొందిన ఏకైక సహాబీ ఆయనే.

అంటే ధర్మం అడ్డుకున్నది బిడ్డను పెంచడాన్ని కాదు, బిడ్డ మూలాన్ని చెరిపేయడాన్ని. అనాథను పోషించేవారు స్వర్గంలో తనకు రెండు వేళ్ళంత దగ్గరగా ఉంటారని చెప్పిన ప్రవక్త (స), పుట్టకముందే తండ్రిని పోగొట్టుకున్న యతీం. ఉర్దూలో మనం పెంపుడు బిడ్డను 'లేపాలక్' అంటాం. తీసుకుని పెంచిన బిడ్డ అని ఆ మాటలోనే ఉంది. కన్నబిడ్డ అన్న అబద్ధం అందులో లేదు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక దత్తతతో పాటు ఇస్లామీ కఫాలాను కూడా పేరు పెట్టి గుర్తించింది. బిడ్డకు తన పేరు, తన వారెవరో తెలుసుకునే హక్కు ఉందని కూడా చెప్పింది. తండాల కేసుల తరువాత ప్రపంచం నెమ్మదిగా వచ్చి చేరుతున్నది ఆ మాట దగ్గరికే.

ఇక మన కుటుంబాలకు చట్టం ఏం చెబుతోంది? 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద ముస్లింలు బిడ్డకు సంరక్షకులు కావచ్చు. అది బిడ్డకు 18 ఏళ్ళు నిండే వరకే. షబ్నమ్ హాష్మీ కేసులో 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, బాలల న్యాయ చట్టం కింద ఏ మతంవారైనా దత్తత తీసుకోవచ్చనీ, అది ఎవరికీ బలవంతం కాదనీ చెప్పింది. ఆ చట్టం ప్రకారం దత్తత బిడ్డకు కన్నబిడ్డతో సమానమైన అన్ని హక్కులూ వస్తాయి. షరీఅత్ ప్రకారం వారసత్వం రాదు కాని, ఆస్తిలో మూడో వంతు వరకు వసీయతు రాయవచ్చు, బతికుండగానే హిబా ఇవ్వవచ్చు. రెండేళ్ళలోపు శిశువుకు ఇంటి ఇల్లాలు నియమం ప్రకారం పాలు పడితే మహ్రమ్ బంధం ఏర్పడుతుంది. ఏ దారి ఎంచుకోవాలో ఆలిములనూ, న్యాయవాదినీ అడిగి నిర్ణయించుకోవాలి. తప్పు దారి మాత్రం ఒకటే. అది దొంగదారి.

ఆ దొంగదారి మన వీధి దాకా వచ్చింది. కొన్నేళ్ళ క్రితం మా మొహల్లాలో పిల్లలు లేని ఒక జంట జుమా నమాజు తరువాత మా దగ్గరికి వచ్చారు. ఒక నర్సింగ్ హోమ్‌లో ఆడశిశువు ఉందట. డబ్బు కడితే పుట్టిన సర్టిఫికెట్ నేరుగా వీళ్ళ పేరు మీదే ఇస్తారట. 'మౌల్వీ సాబ్, ఎవరికీ తెలియదు, సవాబ్ పనే కదా?' అని అడిగాడు ఆ భర్త. మేము ఒక్కటే అడిగాం: 'ఆ పిల్లను కన్నామె ఎక్కడుంది బేటా?' ఆయనకు తెలియదు. ఆయన భార్య మాత్రం తల వంచుకుని, 'అది అడిగితే ఇవ్వరట' అంది. ఆ మాటతో ముగ్గురికీ సంగతి అర్థమైంది. ఏడుస్తూనే వెళ్ళింది ఆ తల్లి. పిల్లలు లేకున్నా ఆమెను తల్లి అనే అంటున్నాం, ఎందుకంటే ఇంకొక తల్లి సంగతి ఆలోచించి ఆమె వెనక్కి తగ్గింది.

ఇలాంటి బేరాలు నేటికీ ఆగలేదు. 2024 మేలో రాచకొండ పోలీసులు వేరే రాష్ట్రాల నుంచి శిశువులను తెచ్చి అమ్ముతున్న ముఠాను మేడిపల్లి ప్రాంతంలో పట్టుకున్నారు. 2025లో సికింద్రాబాద్‌లో, సరోగసీ ద్వారా పుట్టిన మీ బిడ్డే అని చెప్పి పేద దంపతుల శిశువును వేరే జంటకు అప్పగించారన్న కేసు బయటపడింది. డి.ఎన్.ఎ. పరీక్షే అక్కడ నిజం చెప్పింది. వెనక విదేశీయులు కొన్నారని కోప్పడ్డాం. ఇప్పుడు కొంటున్నది మనవాళ్ళే.

నేటి చట్టం ప్రకారం బిడ్డను పెంచలేని కన్నవారు బాలల సంక్షేమ సమితి ముందు హాజరై చెప్పాలి. మనసు మార్చుకోవడానికి వారికి రెండు నెలల గడువు ఉంటుంది. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వులు కోర్టుకు బదులు జిల్లా కలెక్టరు ఇస్తున్నారు. విదేశం వెళ్ళిన బిడ్డ క్షేమం మీద మొదటి ఏడాది మూడు నెలలకొకసారి, రెండో ఏడాది ఆరు నెలలకొకసారి నివేదిక రావాలి. బిడ్డను కొన్నా అమ్మినా అయిదేళ్ళ వరకు కఠిన జైలు. ఆసుపత్రివారు అమ్మితే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ వరకు. 2024-25లో దేశంలో 4,515 దత్తతలు జరిగితే వాటిలో 4,155 స్వదేశంలోనే జరిగాయి. ఇది మంచి మార్పు. ఇళ్ళ కోసం చూసే పిల్లలు ఇంకా ఉన్నారు. నేరుదారి మూసుకుపోలేదు, అందులో ఓపిక కావాలి అంతే.

పాఠక సోదర సోదరీమణులకు మా మనవి ఇది. బిడ్డ కావాలనుకుంటే జిల్లా శిశు సంక్షేమ శాఖకు వెళ్ళండి, వరుసలో నిలబడండి. ఎక్కడైనా బిడ్డను బేరం పెట్టారని తెలిస్తే 1098కి ఫోన్ చేయండి. అన్నిటికన్నా ముందు, మీ వీధిలో, మీ పక్క తండాలో, బిడ్డను పెంచలేక చూపు తిప్పుకుంటున్న తల్లి ఉంటే జకాత్, సదఖా మూటలు దూరాలకు పంపేముందు ఆమె గడప తొక్కండి. ఆరు నెలల పాలకూ, ఒక కాన్పు ఖర్చుకూ సాయం అందితే ఎన్ని వేలిముద్రలు పడకుండా ఉండేవో!

అజ్ఞాన కాలంలో సజీవంగా పాతిపెట్టిన ఆడశిశువును ఏ తప్పుకు చంపారని ప్రళయదినాన అడగటం జరుగుతుందని దివ్య ఖుర్ఆన్ హెచ్చరిస్తోంది. తండాల నుంచి వెళ్ళిన ఆ పిల్లల శరీరాలను ఎవరూ పాతిపెట్టలేదు. వాళ్ళ తల్లుల పేర్లను కాగితాల కింద పాతిపెట్టారు. ఆ పిల్లల్లో చాలామందికి ఇప్పుడు పాతికేళ్ళు దాటాయి. రేపు ఎవరైనా ఒకతె దేవరకొండ బస్టాండులో దిగి, చేతిలో పాత ఫొటోతో, 'మా యాడి ఎవరు?' అని అడిగితే, ఆమెకు మంచినీళ్ళిచ్చి, వెంట నడిచి, తండా తండా తిరిగే మనిషి మనలో ఒక్కడైనా ఉండాలి.